మీ షవర్ క్యాబిన్ కారుతోందా? దయచేసి ముట్టుకోకండి

కారని షవర్ క్యాబిన్ ఉన్న ఇళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ ఇంట్లోవాళ్లు పొద్దున్నే లేచి దేని గురించి పోట్లాడుకుంటారు? చుట్టాలొస్తే ఏం చూపిస్తారు? ఫోన్లో మాటలు అయిపోయినప్పుడు ఏం చెప్పుకుంటారు? పాపం, వాళ్ల బతుకులు ఎలా గడుస్తున్నాయో!

మాకు ఆ కొరత లేదు. మా షవర్ క్యాబిన్ చాలాకాలంగా నిష్ఠగా కారుతోంది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. షవర్ క్యాబిన్ అంటే బాత్రూములో ఒక మూల గాజు పలకలతో కట్టిన బుల్లి గది. కింద తెల్లటి ట్రే ఉంటుంది, చుట్టూ అల్యూమినియం చట్రం ఉంటుంది, ఈడ్చితే తప్ప జరగని తలుపు ఉంటుంది. స్నానం నీళ్లు లోపలే ఉండిపోవాలి, బయట నేల పొడిగా ఉండాలి అన్నది దాన్ని అమ్మినవాళ్ల ఉద్దేశం. అమ్మినవాళ్ల ఉద్దేశాలన్నీ మనసులో పెట్టుకుని బతకడం మనవల్ల అవుతుందా?

మా ఇంట్లో ఒకరు లోపల స్నానం చేస్తుంటే నీళ్లు చట్రం కింద నుంచి బయటికొచ్చి, వాష్‌బేసిన్ చుట్టూ తిరిగి, గడప దాటి, నింపాదిగా నడవాలోకి వస్తాయి. మొదట్లో నేనూ మీలాగే అజ్ఞానంతో చిరాకుపడ్డాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్క లాభమే కళ్లకు కట్టింది. అవి నా ఒక్కడి దగ్గరే ఉంచుకోవడం భావ్యం కాదు కదా!

ముందు కుటుంబ ఐక్యత సంగతి చూద్దాం. మా అమ్మాయి కాలేజీలో చేరిన దగ్గర్నుంచి నాతో "ఊ", "ఊహూ", "తర్వాత" అనే మూడు మాటలతోనే నెట్టుకొస్తోంది. అలాంటి పిల్ల ఒక పొద్దున నా గదికి నడిచొచ్చి, "నాన్నా, నువ్వు స్నానం చేసిన నీళ్లు నా చార్జర్ దాకా వచ్చేశాయి, కాస్త చూసుకోవా" అంది. ఎంత పొడుగు వాక్యం! అందులో నాన్నా అన్న పిలుపు కూడా ఉంది. ఆ సంతోషంలో చార్జర్ సంగతి అడగడం మర్చిపోయాను.

ఆరోగ్యం మాటకొస్తే, నేల తడిగా ఉన్న ఇంట్లో మనిషి నడకే మారిపోతుంది. మునివేళ్ల మీద నడుస్తాం, గోడ పట్టుకుంటాం, ఊపిరి బిగబట్టి అడుగేస్తాం. ఇవన్నీ నేర్పడానికి బయట క్లాసులు నడుపుతున్నారు. ఇక మా ఆవిడ అదృష్టం చెప్పనే అక్కర్లేదు. ప్రతి స్నానం తర్వాతా గుడ్డ పట్టుకుని వంగుతుంది, తుడుస్తుంది, బకెట్లోకి పిండుతుంది, మళ్లీ వంగుతుంది. నడుముకు అంతకు మించిన కసరత్తు ఎక్కడైనా ఉందా? ఆ గుడ్డ నేనూ అందుకోవచ్చు. కానీ ఒకరి ఆరోగ్యాన్ని ఇంకొకరు లాక్కోవడం సంస్కారం కాదని ఊరుకున్నాను.

ఇరుగుపొరుగు సంబంధాలు కూడా బలపడతాయి. కింది ఫ్లాట్ ఆడిటర్ గారి ముఖం ఎలా ఉంటుందో మాకు ఇన్నేళ్లూ తెలియదు. లిఫ్టులో ఎదురైనా ఇద్దరం నంబర్ల వైపు చూస్తూ నిలబడేవాళ్లం. ఇప్పుడాయన వారం వారం పైకొస్తారు. వాళ్ల బాత్రూమ్ సీలింగ్ మీద పడిన మరకను ఫోన్లో ఫొటోలు తీసి తెస్తారు. "చూడండి సార్, పోయిన వారానికీ ఈ వారానికీ ఎంత ఎదిగిందో" అని, మనవడి ఫొటోలు చూపించినంత శ్రద్ధగా ఒక్కొక్కటే జరుపుతారు. నేనూ కళ్లజోడు పెట్టుకుని చూసి, అవునండీ బాగా ఎదిగింది అంటాను. కాఫీ తాగి వెళతారు. మంచి మనిషి.

అన్నిటికన్నా గొప్పది విజ్ఞానం. కారే క్యాబిన్ ఉన్న ఇంట్లో ప్రతివాడూ ఇంజినీరే!

మా బావమరిదినే తీసుకోండి. అతనిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. సొంత ఫ్లాట్ పని పూర్తయ్యేదాకా అని మా ఇంటికొచ్చాడు. ఆ ఫ్లాట్ పని ఇంకా పూర్తవుతూనే ఉంది. ఒక ఆదివారం అతను సిలికాన్ ట్యూబు, దాన్ని నొక్కే గన్ను పట్టుకుని బాత్రూములోకి దిగాడు. సిలికాన్ అంటే సందుల్లో పూసే తెల్లటి జిగురు. ఆరాక రబ్బరులా బిగిసి నీళ్లను ఆపుతుంది. క్యాబిన్ చుట్టూ అప్పటికే పాత సిలికాన్ నల్లబడి, అంచులు లేచి ఉంది. అతను దాని మీదే కొత్తది పూయడం మొదలుపెట్టాడు.

"ఆ పాతది గీకెయ్యక్కర్లేదట్రా?" అని అడిగారు గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అత్తగారు.

"అది ఉంటే ఇంకా మంచిదమ్మా. రెండు పొరలవుతాయి, బలం."

ఈ సిద్ధాంతం మా అందరికీ నచ్చింది. మా ఇంటి పద్ధతే అది. గోడ పెచ్చులూడితే పైన క్యాలెండర్ తగిలిస్తాం, సోఫా చిరిగితే పైన దుప్పటి కప్పుతాం. కింద ఏముందో తవ్వి చూడటం మర్యాదస్తుల లక్షణం కాదు. కాబట్టి ఆ తర్వాత నేనొక పొర పూశాను. మా అమ్మాయి తన వంతుగా ఇంకో పొర పూసి, ఫొటో తీసి స్నేహితులకు పంపింది. మా క్యాబిన్ అంచు పుట్టినరోజు కేకు అంచులా తయారైంది. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి.

అప్పుడు మా బావమరిది ట్రేలో బోర్లా పడుకుని, మొబైల్ టార్చి వేసి, చట్రం లోపలివైపు కింద వరసగా ఉన్న సన్నటి రంధ్రాలను కనిపెట్టాడు.

"దొరికింది బావా. చూడు, దొంగ ఇక్కడున్నాడు. కంపెనీవాళ్లు రంధ్రాలు వదిలేసి అమ్మారు. కేసు వెయ్యొచ్చు తెలుసా?"

ఒక్కొక్క రంధ్రాన్నీ ఓపిగ్గా సిలికాన్‌తో మూసేశాడు. ఆరోజు మేమంతా అతన్ని మెచ్చుకున్నాం. మర్నాటి పొద్దున నీళ్లు నడవా దాటి హాల్లోకి వచ్చాయి.

ఇంతవరకూ లాభాలే చెప్పాను. ఒక్క మనిషి విషయంలో మాత్రం నా వాదన కాస్త తడబడుతుంది. ఆ మనిషి మా అత్తగారు.

ఆవిడ స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినంతకాలం పిల్లల్ని ఎండలో వరసల్లో నిలబెట్టిన మనిషి. ఇప్పటికీ వెన్ను నిటారుగా పెట్టుకునే కూర్చుంటారు. తన గిన్నె తనే కడుక్కుంటారు, తన పక్క తనే సర్దుకుంటారు, ఎవరైనా చెయ్యి అందిస్తే ముఖం అదోలా పెడతారు. కొన్నాళ్ల కిందట స్నానం చేసి బయటికొస్తూ ఆ తడినేల మీద కాలు జారారు. వాష్‌బేసిన్ పట్టుకున్నారు కాబట్టి కింద పడలేదు గానీ, మణికట్టు వాచిపోయింది.

ఆరోజు నుంచి మా ఆవిడ వాళ్లమ్మను ఒంటరిగా స్నానానికి పంపదు. బాత్రూమ్ తలుపు జానెడు తెరిచి ఉంచాలి. మా ఆవిడ గుడ్డ పట్టుకుని బయట నిలబడాలి. "అమ్మా, మెల్లిగా." "అమ్మా, అయిందా?" "అమ్మా, నేనొచ్చేదాకా అడుగు బయట పెట్టకు." లోపలి నుంచి ఒక్క మాటా వినబడదు.

కొన్నాళ్లకు ఆవిడ, "ఇవాళ స్నానం వద్దులేవే, ఒంట్లో కాస్త నలతగా ఉంది" అనడం మొదలుపెట్టారు. తర్వాత ఆ నలత తరచుగా రావడం మొదలైంది. జ్వరం ఉండదు, దగ్గు ఉండదు, పొద్దున్నే లేచి కిటికీ దగ్గర చేతులు చాపి కసరత్తు చేస్తూనే ఉంటారు. స్నానం వేళకు మాత్రం నలత. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ అనలేదు. నాకు ఆవిడను చూస్తే బాధేసేది. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు, నమ్మండి.

అయినా నేను నా సిద్ధాంతాన్ని వదులుకోలేదు. వదులుకున్నది మా ఆవిడ. ఒకరోజు ఎవరితోనూ చెప్పకుండా ప్లంబర్‌ను పిలిచింది.

ఆయన చెవి దగ్గర ఫోను పెట్టుకుని వచ్చారు, ఫోను పెట్టుకునే బూట్లు విప్పారు, ఇంకెవరికో "దార్లో ఉన్నా, రెండు నిమిషాల్లో నీ ముందుంటా" అని చెబుతూ మా బాత్రూములోకి అడుగుపెట్టారు. క్యాబిన్ చూశారు. ఫోను జేబులో పెట్టారు. ప్రపంచంలోని ప్లంబర్లందరూ ముందుగా అనే మాటే ఆయనా అన్నారు.

"ఎవరు చేశారండీ ఈ పని?"

మా బావమరిది ఆఫీసు కాల్ వచ్చినట్టు పక్కకు తప్పుకున్నాడు. ప్లంబర్ గారు అరచేతిలో బ్లేడు ఆడిస్తూ ఉపన్యాసం ఇచ్చారు. సిలికాన్ మీద సిలికాన్ అతుక్కోదట. ఎన్ని పొరలు పూసినా అడుగున ఉన్న పాతదాని సందులోంచి నీళ్లు వస్తూనే ఉంటాయట. మేం దొంగలని పట్టుకుని మూసేసిన రంధ్రాలు పాపం ఏ నేరమూ ఎరగనివట. చట్రంలోకి దూరిన నీళ్లు మళ్లీ ట్రేలోకి దిగడానికే వాటిని పెట్టారట.

"లోపలికి పోయే దారి మీరు మూసేస్తే నీళ్లు ఎటు పోతాయండీ? బయటికొస్తాయి. అసలు పూయాల్సింది బయటివైపు. మీరేమో లోపలంతా పూసిపెట్టారు."

పాతదంతా గీకేశారు. రంధ్రాలు తెరిచారు. చట్రం, ట్రే, గోడ, అన్నీ స్పిరిట్ పెట్టి తుడిచి ఆరబెట్టారు. బయటివైపున, చట్రం ట్రేను తాకేచోటా గోడను తాకేచోటా, ఒక్కటే సన్నటి గీతలాగా సిలికాన్ పూసి వేలితో నున్నగా లాగారు. బూట్లు వేసుకుంటూ మా అందరి వైపూ చూశారు.

"రేపు ఈ టైముదాకా ఒక్క చుక్క నీళ్లు తగలకూడదు. పచ్చిగా ఉన్నప్పుడు తడిస్తే నా పని దండగే. ఒక్కరోజు స్నానాలు మానెయ్యండి, ఏం కాదు."

ఓస్ అంతేనా అన్నాం. ఇల్లంతా ఒక్క గొంతుతో మాటిచ్చాం. టాయిలెట్ ఎలాగూ వేరేగా ఉంది, చేతులు కడుక్కోవడానికి వంటింటి సింకు ఉంది. ఒక్కరోజు ఓర్చుకోలేనివాళ్లమా!

మర్నాడు సాయంత్రం కొత్త సిలికాన్ ఒకచోట చర్మం లేచినట్టు లేచి వేలాడుతోంది. నీళ్లు మళ్లీ గడప దగ్గర కనబడ్డాయి.

"ఈ ప్లంబర్లు ఇంతే బావా" అన్నాడు మా బావమరిది. "సరుకు కల్తీది వాడుంటాడు" అన్నాను నేను. "రివ్యూలో ఒక్క స్టారే ఇస్తాను" అంది మా అమ్మాయి. ముగ్గురం ఇంత చక్కగా ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. చూశారా, ఐక్యత ఎలా పెరుగుతుందో!

మా అత్తగారు మాత్రం మా ఆవిడ ఫోను తీసుకుని, తనే ప్లంబర్‌కు చేసి రమ్మన్నారు. ఆయన వచ్చారు, క్యాబిన్ ముందు గొంతుక్కూర్చున్నారు, తల అడ్డంగా ఊపారు.

"ఎవరు చేశారండీ ఈ పని?"

"నువ్వే బాబూ" అన్నారు మా అత్తగారు.

ఆయన ఉలిక్కిపడి మళ్లీ వంగి చూశారు. ఊడిన ముక్కను రెండు వేళ్లతో సాగదీశారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"ఇది తడిసిందండీ. పచ్చిగా ఉండగానే ఎవరో స్నానం చేశారు."

నేను సీలింగ్ వైపు చూశాను. మా బావమరిది ఫోను వైపు చూశాడు. మా అమ్మాయి తన గోళ్ల వైపు చూసుకుంది. మా ఆవిడ మాత్రం మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసింది. ఆ చూపు నా దగ్గరికొచ్చి ఆగేసరికి నేను నీళ్లు నమలడం మొదలుపెట్టాను.

"నేను రెండే నిమిషాలు..." అన్నాను.

"నేను తల మాత్రమే..." అన్నాడు మా బావమరిది అదే క్షణంలో.

"నాకు ప్రెజెంటేషన్ ఉందమ్మా, షవర్ చిన్నగానే తిప్పాను" అంది మా అమ్మాయి.

విషయం ఏమిటంటే, ముగ్గురమూ ఎవరికివారు రహస్యంగా స్నానం చేశాం. ఎవరికివారు నేల తుడిచి గుడ్డ యథాస్థానంలో పెట్టేశాం. మిగతావాళ్లంతా మాటమీద ఉన్నారు కదా, నా ఒక్కడి స్నానానికి ఏమవుతుందిలే అనుకున్నాం. నాకైతే ఇంకో బలమైన కారణం కూడా ఉంది. ఈ కాలమ్‌కు నాకు ఆలోచనలు షవర్ కిందే వస్తాయి. సాహిత్యం కోసం చేసిన పనిని నేరంగా చూడటం తగదు!

ప్లంబర్ గారు మళ్లీ మొదట్నుంచి అంతా చేశారు. గీకారు, తుడిచారు, ఆరబెట్టారు, పూశారు. ఈసారి మాకు ఏమీ చెప్పకుండా మా అత్తగారికి మాత్రమే చెప్పి వెళ్లారు. ఆవిడ హాల్లోంచి ఒక కుర్చీ తెచ్చుకుని, బాత్రూమ్ తలుపుకు వీపు ఆనించేలా వేసుకుని, నిటారుగా కూర్చున్నారు.

మొదట ప్రయత్నించింది మా అమ్మాయి.

"అమ్మమ్మా, ముఖం ఒక్కటే."

"సింకు ఉంది."

మర్నాడు పొద్దున మా బావమరిది జిమ్ నుంచి చెమటతో వచ్చాడు. "అమ్మా, నన్ను చూడవే, వాసనొస్తున్నాను. ఆఫీసులో మీటింగ్ ఉంది."

"వెనక్కి తిరుగు" అన్నారు ఆవిడ. అతను తిరిగాడు. అనుకోకుండానే చేతులు తొడలకు ఆనించుకుని మరీ తిరిగాడు. అలాగే ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆరోజు లిఫ్టులో అతనితోపాటు ఎవరూ ఎక్కలేదని తర్వాత తెలిసింది.

ఇక నా వంతు వచ్చింది. నేను చదువుకున్నవాణ్ణి, పత్రికలో రాసేవాణ్ణి, వాదనతో వెళ్లాను. పోయినసారి మేం ముగ్గురం వరసగా చేయడం వల్లే ఊడిందనీ, ఒక్కడు చేస్తే, అదీ గోడవైపు తిరిగి చేస్తే, చట్రం మీద చుక్క పడే అవకాశమే లేదనీ చాలా హేతుబద్ధంగా వివరించాను. ఆవిడ అంతా విన్నారు. అల్లుడి మాటను మధ్యలో ఆపే మనిషి కాదు.

"అల్లుడుగారూ" అన్నారు చివరికి. గొంతులో కోపం లేదు. "నేను తలుపేసుకుని స్నానం చేసి ఎన్నాళ్లయిందో. తలుపు తీసిపెట్టి, బయట నా కూతుర్ని నిలబెట్టుకుని చేస్తుంటే నాకు ప్రాణం చచ్చిపోతోంది. నా తలుపు నేనేసుకోవాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

నా దగ్గర ఇంకా రెండు పాయింట్లు మిగిలి ఉన్నాయి. అవి చెప్పలేదు. వంటింటి సింకులో ముఖం కడుక్కుని వచ్చి నా గదిలో కూర్చున్నాను.

ఆరోజు మా ఇల్లు ఎంత ఉక్కగా ఉందో, ఒకరినొకరం ఎంత దూరంగా కూర్చున్నామో వర్ణించను. భోజనం కూడా ఆవిడ ఆ కుర్చీలోనే చేశారు. కాస్త లేవాల్సి వచ్చినప్పుడల్లా మా ఆవిడ వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. ప్లంబర్ చెప్పిన గడువు ఆ సాయంత్రానికి తీరింది. ఆవిడ లేచి, కుర్చీ పక్కకు జరిపి, భుజాన తువ్వాలు వేసుకుని లోపలికెళ్లారు.

మా ఆవిడ అలవాటు కొద్దీ గుడ్డ పట్టుకుని వెనకే వెళ్లింది. తలుపు ఆమె ముఖం మీదే మెల్లిగా మూసుకుంది. లోపల గడియ పడింది.

షవర్ మోగింది. మేమంతా గడప వైపు చూశాం. నీళ్లు రాలేదు. ఇంకాసేపు చూశాం. రాలేదు. లోపల ఆవిడ తొందరపడటం లేదు. ఏదో కూనిరాగం కూడా వినబడింది. ఆవిడకు పాట వచ్చని నాకు అంతవరకూ తెలియదు.

చెప్పండి, ఇప్పుడు మాకు మిగిలిందేమిటి? అమ్మాయి మళ్లీ "ఊ", "ఊహూ"లకు వెళ్లిపోతుంది. ఆడిటర్ గారు ఇక పైకి రారు. మా బావమరిదిలోని ఇంజినీరు అకాలంగా రిటైరయ్యాడు. పైగా ఆవిడ స్నానం ఎప్పటికి అయ్యేటట్టు? నేనూ బావమరిదీ అమ్మాయీ తువ్వాళ్లు పట్టుకుని నడవాలో వరసగా నిలబడి ఉన్నాం. "మీ అమ్మ ఇంకెంతసేపు చేస్తారేం?" అని కాస్త గట్టిగానే అడిగాను.

మా ఆవిడ తలుపు వైపే చూస్తోంది. చేతిలో గుడ్డ పొడిగా ఉంది. దాన్ని నెమ్మదిగా మడతపెట్టింది.

"మీ ముగ్గురూ ఒక్కరోజు స్నానం మానలేకపోయారు" అంది. "మా అమ్మ ఎన్ని రోజులు మానేసిందో."

ఈ పరిస్థితి ఎంత ఇబ్బందికరమో మీకు తెలియదు. ఇన్నాళ్లూ ఇలాంటి మాట ఏది వచ్చినా, అందరం కలిసి నేల వైపు చూసేవాళ్లం. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక నీటిమడుగు ఉండేది. అరే, ఇక్కడా వచ్చిందే అనుకుంటూ దాటుకుని వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు నేల పొడిగా ఉంది. చూడటానికి అక్కడేమీ లేదు. చచ్చినట్టు ఆమె ముఖమే చూడాల్సి వచ్చింది.